తోటమాలి కొడుకు, రాజుగారి రక్తం

ఉజ్జయిని రాజు తన కూతురు ఇందుమతి మీద మనసుపడ్డ కుర్రాణ్ని పట్టి తెప్పించాడు. తల తీయించాల్సిన చోట బేరం పెట్టాడు. నాకు సరితూగే ఐశ్వర్యం సంపాదించుకుని రా, పిల్లనిస్తానన్నాడు. మీది ఏ వంశం, మీ తాత ఏ కోటకు రాజు అని మాత్రం అడగలేదు. 1951 మార్చిలో విడుదలైన ‘పాతాళభైరవి’ కథంతా ఈ బేరం చుట్టూనే తిరుగుతుంది.

జానపద సినిమాకు టికెట్టు కొన్న ప్రేక్షకుడికి ఒక ధీమా ఉంటుంది. హీరో గుడిసెలో పెరిగినా, గొర్రెలు కాసినా, ఆఖరి రీళ్లలో ఓ ముసలి మంత్రి రావడం, భుజం మీది పుట్టుమచ్చ చూడటం, ‘యువరాజా’ అంటూ చేతులు జోడించడం ఖాయం. అప్పటిదాకా వాడు పులిని ఎలా చంపాడో, గుర్రాన్ని ఎలా లొంగదీశాడో ఆ మచ్చతో తేలిపోతుంది. తోటరాముడికి ఆ మచ్చ లేదు. శుభం కార్డు పడేదాకా వాడు తోటమాలి కొడుకే. బలి ఇవ్వడానికి నేపాళ మాంత్రికుడు వెతికింది కూడా రాచబిడ్డ కోసం కాదు, సాహసి కోసం. రాముడు కొలనులో స్నానానికి దిగి, మొసలితో పోరాడి దాన్ని చంపుతాడు. శాపం తీరిన ఆ మొసలి మాంత్రికుడి కుట్ర బయటపెడుతుంది. దాంతో వాడి తలే అమ్మవారికి బలి ఇచ్చి రాముడు వరం అందుకుంటాడు. ఇందులో ఎక్కడా తాతల పుణ్యం లేదు. ఈత, కత్తి, సమయానికి వెలిగిన బుర్ర, అంతే.

ఇలాంటి కథ ఎవరి చేతుల్లో తయారైందని చూస్తే కృష్ణా డెల్టా కింది కొస కనిపిస్తుంది. రాముడు వేషం కట్టిన ఎన్టీ రామారావుది పామర్రు దగ్గరి నిమ్మకూరు. సంగీతం సమకూర్చిన ఘంటసాలది గుడివాడ పక్క చౌటపల్లి. మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు రాజాంలో పుట్టినా పెరిగింది, కలం పట్టింది బందరులో. మాంత్రికుడు ఎస్వీ రంగారావుది కాస్త ఎగువన నూజివీడు. దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి, నిర్మాతల్లో నాగిరెడ్డిది కడప జిల్లా, చక్రపాణిది తెనాలి కాబట్టి ఘనతంతా మా కృష్ణా జిల్లాదేనంటే పక్క జిల్లాలవాళ్లు ఊరుకోరు. అయినా తెర మీద వినిపించిన గొంతు మాత్రం ఈ మట్టిదే.

పింగళి సంగతి విశేషం. ఆయన బందరు ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకాలు రాసిన రోజుల్లో తెలుగు రంగస్థలమంతా రాజపుత్రుల ధగధగలే. ద్విజేంద్రలాల్ రాయ్ బెంగాలీ నాటకం ఆధారంగా ‘మేవాడు పతనం’ తెలుగులోకి తెచ్చింది ఆయనే. రాణుల శపథాలు, వంశగౌరవాలు ఆయన చేతిలో బాగా నలిగిన సరుకు. అదే మనిషి సినిమాకు వచ్చాక రాచరికాన్ని ఎక్కడ దొరికితే అక్కడ చక్కిలిగింతలు పెట్టాడు. ‘మాయాబజార్’ (1957)లో కురుసార్వభౌముడి వారసుడు లక్ష్మణకుమారుడు ఎలా ఉంటాడో చెప్పనక్కర్లేదు, రేలంగిని తలుచుకుంటే చాలు. ఆ సినిమాలో అసలు శక్తులున్నవాడు ఘటోత్కచుడు. అవి తండ్రి భీముడి చంద్రవంశం నుంచి వచ్చినవి కావు, అడవిలో పెంచిన తల్లి హిడింబ వైపువి.

జమీందారు తీసిన కీలుగుర్రం

‘పాతాళభైరవి’కి రెండేళ్ల ముందు, 1949లో, ఇదే డెల్టా మనుషులతో ఇంకో జానపదం వచ్చింది. ‘కీలుగుర్రం’. హీరో గుడివాడ దగ్గరి రామాపురం కుర్రాడు అక్కినేని నాగేశ్వరరావు. సంగీతం ఘంటసాలే. నిర్మాత, దర్శకుడు మాత్రం అచ్చమైన రాజావారు. నూజివీడు మేకావారి వంశానికి చెందిన మీర్జాపురం రాజా. కథ రాజావారికి తగ్గట్టే ఉంటుంది. రాక్షసి మాయారూపంలో వచ్చి రాజును చేసుకుంటుంది. పెద్దరాణి మీద నింద పడి అడవిపాలవుతుంది. అక్కడ పుట్టి పెరిగిన కొడుకు విక్రముడు కీలుగుర్రమెక్కి సాహసాలు చేసి, రాక్షసిని మట్టుబెట్టి, తల్లిని మళ్లీ కోటకు చేరుస్తాడు. అడవిలో పెరిగినా రాజరక్తం రాజరక్తమే అన్నది దాని సారాంశం.

ఆ సినిమా వచ్చిన తేదీ పక్కన ఇంకో తేదీ పెట్టి చూడాలి. మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం చేసింది 1948లో. తెర మీద విక్రముడు తండ్రి సింహాసనం తిరిగి సంపాదించుకుంటున్న రోజుల్లోనే తెర బయట నూజివీడులో, చల్లపల్లిలో ఎస్టేట్లు సర్కారు చేతిలోకి పోతున్నాయి. దివిసీమ వాకిట్లో ఉన్న చల్లపల్లి కోటలో యార్లగడ్డ వారు శ్రీమంతు రాజా బిరుదుతో ఏలిన దేవరకోట పరగణా రైతు చేతికి రావడానికి చట్టం ఒక్కటే సరిపోలేదు. చల్లపల్లి భూముల కోసం తర్వాత దశాబ్దాలపాటు పోరాటాలు సాగాయి. కౌలు కట్టి, శిస్తు కట్టి విసిగిన రైతు కొడుకు టూరింగ్ టాకీస్ నేల టికెట్లో కూర్చుని తోటమాలి కొడుకు రాజుగారి అల్లుడవడం చూశాడు. ఈల వెయ్యకుండా ఎలా ఉంటాడు?

ఇదంతా లెక్కలేసి తీశారని నేననను. నాగిరెడ్డి–చక్రపాణి వ్యాపారస్తులు, కథలో కాశీమజిలీ కథల ఛాయ ఉంది, అల్లావుద్దీన్ దీపం ఛాయ ఉంది. అయినా జనం దేన్ని నెత్తిన పెట్టుకున్నారన్నది నిర్మాత లెక్కల్లో లేని సంగతి. ‘మనదేశం’లో చిన్న పోలీసు వేషంతో మొదలైన రామారావును ఇంటింటి మనిషిని చేసింది ఈ తోటరాముడే. ఆ ‘మనదేశం’ నిర్మాత కృష్ణవేణి, మీర్జాపురం రాజావారి భార్య. జమీందారీ ఇంటి సొమ్ముతోనే మన తోటమాలి కొడుకు తొలిసారి కెమెరా ముందుకొచ్చాడన్నమాట.

రాజు చెయ్యి తగిలితే

రక్తంలో మహిమ ఉంటుందన్న ఊహ మనకొక్కరికే సొంతం కాదు. టోల్కీన్ నవలలో ఆరగార్న్ ఎవరో జనానికి తెలిసేది అతని చెయ్యి తగిలి మృత్యుముఖంలో ఉన్నవాళ్లు కోలుకున్నప్పుడు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో టార్గేరియన్ ఇంటివాళ్లకే డ్రాగన్లు వంగుతాయి. ఇవి రచయితల కల్పనలేగానీ వాటి వెనక నిజంగా జరిగిన తంతు ఒకటుంది. ఇంగ్లండు రాజు మెడ మీది గడ్డలను తాకితే అవి నయమవుతాయని శతాబ్దాలపాటు నమ్మారు. రెండో చార్లెస్ తన ఏలుబడిలో 90 వేల మందికి పైగా ఇలా తాకాడని రికార్డులున్నాయి. నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్‌ను పసివాడిగా ఉండగా 1712లో ఆన్ రాణి దగ్గరికి తీసుకెళ్లి తాకించారు. గడ్డలు తగ్గలేదు. ఈస్టిండియా కంపెనీ బందరులో దిగింది 1611లో. కలంకారీ మూటలు కట్టించుకుంటూ, ఇక్కడివాళ్ల మూఢనమ్మకాల గురించి ఉత్తరాలు రాసుకున్న తెల్లదొరల దేశంలో అప్పుడు సాక్షాత్తూ రాజుగారే మంత్రగాడు.

మన ‘బాలనాగమ్మ’ కథలో ఈ మహిమ పసివాడికి దక్కింది. బాలనాగమ్మను ఎత్తుకుపోయిన మాయలఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతలి చిలకలో ఉంటుంది. తండ్రి, పెత్తండ్రులు సేనలతో వెళ్లి రాళ్లయిపోతారు. ఊయల్లో వదిలేసిపోయిన బిడ్డ బాలవర్ధిరాజు పెరిగి పెద్దయి ఆ చిలక మెడ విరుస్తాడు. బుర్రకథలో ఆ ఘట్టం వచ్చేసరికి తెల్లవారుజాము అయినా ఆడవాళ్లు కదిలేవారు కాదు. 1942లో జెమినీ వారు దాన్ని కాంచనమాలతో తీస్తే హాళ్లు నిండిపోయాయి. వాడు గెలిచింది రాజరక్తం వల్లనా, తల్లి మీది ప్రేమ వల్లనా అని అడిగితే విన్న ఆడవాళ్లంతా రెండోదే అంటారు. నాకూ అదే అనిపిస్తుంది.

నదిఒడ్డు వంశవృక్షాలు

రాజులకు దైవాంశ అంటగట్టడం ఈ నేల మీద పాత పనే. దివిసీమ అంచున, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళంలో కొలువైన దేవుడి పేరు ఆంధ్రమహావిష్ణువు. ఐతిహ్యం ప్రకారం ఆయన ఒకప్పటి రాజు. నిశుంభుడనే రాక్షసుణ్ని జయించి, చివరికి విష్ణువు అవతారంగా పూజలందుకున్నాడు. రాజు దేవుడవడం అంటే వంశవృక్షానికి ఆకాశంలో వేరు మొలవడమే. కళింగ దండయాత్రకు పోతూ శ్రీకృష్ణదేవరాయలు ఈ గుడిలోనే ఏకాదశి ఉపవాసం చేశాడు. స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడట. ఆముక్తమాల్యదకు పునాది అదని ఆ కావ్యమే చెబుతుంది. ఆ రాయల తుళువ వంశం కూడా తన పుట్టుకను యయాతి కొడుకు తుర్వసుడి మీదుగా చంద్రుడి దాకా లాక్కెళ్లింది.

వేంగీ చాళుక్యుడు రాజరాజనరేంద్రుడిదీ ఇదే దారి. 11వ శతాబ్దంలో ఆయన నన్నయను భారతం తెలుగు చెయ్యమన్నప్పుడు చెప్పుకున్న కారణాల్లో ఒకటి, పాండవులు తమ వంశకర్తలన్నది. అంటే తెలుగులో మనకు దొరికిన మొదటి కావ్యం ఒక రాజుగారి వంశాభిమానంతో మొదలైంది.

కాకతీయుల కథ ఇంకా సరదా. కొన్ని శాసనాల్లో వాళ్లు చతుర్థ కులజులు. మరికొన్నింట్లో సూర్యవంశీకులు. శాసనం చెక్కించేవాడి అవసరాన్ని బట్టి సూర్యుడు వచ్చి వెళ్తుంటాడు. ఆ కాకతి గణపతిదేవుడే దివిసీమ మీదికి దండెత్తి, అక్కడి అయ్య వంశపు పిన్నచోడి కూతుళ్లు నారాంబ, పేరాంబలను పెళ్లాడాడు. వాళ్ల తమ్ముడు జాయపను వెంట తీసుకెళ్లి గజసేనకు అధిపతిని చేశాడు. ఓడిన దీవి పాలకుడి కొడుకు ఏనుగుల దళం నడుపుతూనే 13వ శతాబ్దంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. నాట్యశాస్త్రం తెలిసినవాళ్లు ఇప్పటికీ తిరగేసే గ్రంథమది. అయ్య వంశం పేరు ఇవాళ దివిసీమలో ఎంతమందికి తెలుసో గానీ, జాయప పేరు నాట్యం చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు.

వంశం ఎక్కడ తెగింది

రాజరాజనరేంద్రుడు వంశకర్తలని చెప్పుకున్న పాండవుల్లో నిజంగా చంద్రవంశ రక్తం ఎంత? భారతాన్ని శ్రద్ధగా చదివితే నవ్వొస్తుంది. శంతనుడి తర్వాత గంగ కొడుకు భీష్ముడు పెళ్లే వద్దన్నాడు. విచిత్రవీర్యుడు బిడ్డల్లేకుండా పోయాడు. పాండురాజు, ధృతరాష్ట్రుడు పుట్టింది వ్యాసుడికి. వ్యాసుడు పడవ నడిపిన సత్యవతి కొడుకు. పాండవులు మళ్లీ పాండురాజు బిడ్డలు కారు, దేవతల వరాలు. వంశవృక్షం రెండుచోట్ల పూర్తిగా తెగి, పక్క చెట్టుతో అంటుకట్టుకుంది. మూల రక్తం పోయినా పేరు మాత్రం సాగింది.

తెలుగువాళ్లు తీసిన మొదటి మూకీ 1921 నాటి ‘భీష్మప్రతిజ్ఞ’. దాన్ని తెచ్చినవాళ్లు బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్. జాలరి పెద్ద తన మనవడికే సింహాసనం దక్కాలని పట్టుబట్టడం, గంగ కొడుకు ఒప్పుకుని జీవితాంతం బ్రహ్మచారిగా ఉండిపోవడం ఆ కథ. సముద్రం వాసన ఎరిగిన ఊరి మనిషి ఎంచుకున్న తొలి కథలోనే రాజ్యం చేపలు పట్టేవాళ్ల ఇంటికి చేరింది. పదేళ్ల తర్వాత మాట నేర్చిన తొలి తెలుగు సినిమా ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. తండ్రి రక్తం, తండ్రి రాజ్యం రెండూ వద్దన్న కొడుకు అందులో హీరో.

ఈ అతుకుల మీద గట్టిగా వేలు పెట్టినవాడు గుడివాడ పక్క అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి. బందరులో చదువుకుని, డబ్లిన్ వెళ్లి బారిష్టరై వచ్చిన కవిరాజు ‘కురుక్షేత్ర సంగ్రామం’లో అసలు రాజ్యం ఎవరిదన్న లెక్క తీశాడు. ‘శంబూకవధ’లో రాముణ్ని బోనులో నిలబెట్టాడు. తిట్లు తిన్నాడు. డెల్టా పల్లెల్లో అరుగుల మీద ఆయన వాదనలు చెప్పుకునే తరం ఒకటి పెరిగింది.

ఆ గాలి పీల్చిన ప్రాంతం నుంచి వచ్చిన రామారావు 1977 సంక్రాంతికి ‘దానవీరశూరకర్ణ’ తీసి, తానే కర్ణుడై, తానే కృష్ణుడై, తానే సుయోధనుడై నిలబడ్డాడు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కృపాచార్యుడు కర్ణుడి కులం అడిగితే సుయోధనుడు తిరగబడే ఘట్టం తెలియని తెలుగువాడు లేడు. ఆ మాటలు కొండవీటి వెంకటకవివి. అయితే వాదానికి బీజం వ్యాసుడిలోనే ఉంది. రాచపుట్టుక ఒకటి, శౌర్యం ఒకటి, సేనను నడిపే సత్తా ఒకటి, ఈ మూడింట్లో దేనితోనైనా రాజు కావచ్చంటాడు అక్కడి దుర్యోధనుడు. రక్తం మూడింట ఒక వంతు మాత్రమే. అక్కడికక్కడే నీళ్లు చల్లి అంగరాజ్యం ఇచ్చేశాడు కూడా. ‘దానవీరశూరకర్ణ’ మాటల రికార్డు పెళ్లి పందిళ్ల మైకుల్లో మోగిన కాలం ఇంకా చాలామందికి గుర్తే.

మంచె మీద మనిషి

రక్తాన్ని పూర్తిగా పక్కన పెట్టిన కథ మన దగ్గర ఇంకొకటుంది. కొరవి గోపరాజు 15వ శతాబ్దంలో తెలుగు చేసిన ‘సింహాసన ద్వాత్రింశిక’ మొదట్లో వస్తుంది. ఓ బ్రాహ్మణుడు చేను వేశాడు. పిట్టలను తోలడానికి మంచె కట్టుకున్నాడు. భోజరాజు పరివారంతో ఆ దారిన వచ్చాడు. మంచె మీద కూర్చున్న మనిషి అందరినీ పిలిచి, దిగండి, చేలో కావలసింది తినండి, మీదే అనుకోండి అన్నాడు. గుర్రాలు, మనుషులు చేలో పడ్డారు. ఆయన మంచె దిగాడు. నేల మీద కాలు పెట్టగానే గుండెలు బాదుకున్నాడు. రాజే కొల్లగొడితే ఎవరికి చెప్పుకోవాలి, నా పంట పోయిందని ఏడ్చాడు. సిగ్గుపడి సైన్యం బయటికొస్తే ఆయన మళ్లీ మంచె ఎక్కాడు. ఎందుకు వెళ్తారు, ఇంకా తినండి అని పిలిచాడు.

భోజుడికి అనుమానం వచ్చి తానే మంచె ఎక్కి చూశాడు. ఆయనకూ లోకమంతా దానం చెయ్యాలనిపించింది. తవ్విస్తే మంచె కింద విక్రమార్కుడి సింహాసనం బయటపడింది. మహిమ కూర్చున్న చోటుది. ఎక్కినవాడు మారతాడు, దిగినవాడు మళ్లీ మామూలు మనిషే. మంచె ఎక్కి వడిసెల తిప్పిన రైతులకు ఈ కథ చెబితే వేరే వివరణ అక్కర్లేదు. చేను పచ్చగా కనిపించేది పైనుంచే, అప్పులు గుర్తొచ్చేది కిందికి దిగాకే. అధికారంలోకి వచ్చి దిగిపోయిన నాయకుల్ని దగ్గర్నుంచి చూసినవాళ్లకు కూడా బాగానే అర్థమవుతుంది.

ఇంటిపేరులో మహిమ

తోటరాముణ్ని చూసి ఈల వేసినవాళ్ల మనవలు ఇప్పుడు హాలు ముందు కట్టే ఫ్లెక్సీలు చూడండి. వంశం, వారసుడు, సింహం కడుపున సింహం, మూడో తరం. తొడ కొడితే రైలు వెనక్కి పోవడం, వేలు చూపిస్తే బండ్లు గాల్లోకి లేవడం రక్తంలో వచ్చిన విద్యలుగానే చెల్లుతున్నాయి. 2015లో వచ్చిన ‘బాహుబలి’ కథ చాలామందికి కొత్తగా అనిపించింది. సంకెళ్లలో రాణి, జలపాతం కింద గూడెంలో పెరిగిన బిడ్డ, ముఖం చూడగానే మోకరిల్లే కట్టప్ప. 66 ఏళ్ల వెనక మీర్జాపురం రాజావారు తీసిన కథకూ దీనికీ ఎముకల గూడు ఒకటే. అంతకంటే అద్భుతంగా తీశారు, అది ఒప్పుకోవాలి. కాకపోతే మచ్చ చూసే మంత్రి మళ్లీ వచ్చేశాడు.

నిమ్మకూరు రైతుబిడ్డ రామారావు ఇంటిపేరే ఒక రాజవంశం పేరులా పలకడం ఈ కథలో నాకు అన్నిటికన్నా వింతగా తోచే మలుపు. 1983లో ఆయన గుడివాడ నుంచి కూడా గెలిచి ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన వెనక తాతల కోట లేదు. రాముడూ కృష్ణుడూ అయిన వేషాలున్నాయి. ఆ వేషాల మహిమ ఇప్పుడు పిల్లల రక్తంలోకి ఎక్కిందంటున్నారు. తండ్రి పాత్రను కొడుకు బాలకృష్ణే పోషించిన ‘కథానాయకుడు’ (2019) నాటికి ఆ పరిణామం పూర్తయింది. అదే గుడివాడ ప్రాంతం కౌతరం నుంచి వచ్చిన కైకాల సత్యనారాయణ విఠలాచార్య జానపదాల్లో వేషాలు కట్టి ఆరు దశాబ్దాలు తెర మీద ఉన్నారు. ఆయన పేరుతో ఏ వంశమూ మొదలవలేదు.

పక్కనే మొవ్వ మండలం కూచిపూడిలో రక్తానికి ఇంకో అర్థం ఉంది. భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పేరు మీద వచ్చిన కట్టుబాటు. వేదాంతం, వెంపటి, చింతా ఇళ్లలో పుడితే అడుగులు వాటంతటవే రావు. పసితనం నుంచి కాళ్లు అరిగేలా నేర్చుకోవాలి. అక్కడ పుట్టుక వరం కంటే బాకీకి దగ్గర. వెంపటి చినసత్యం లాంటివాళ్లు ఆ బాకీ తీరుస్తూనే తలుపులు తెరిచారు. ఇప్పుడు కూచిపూడి నాట్యం ఆడేవాళ్లలో ఎక్కువమంది ఆ ఇళ్లలో పుట్టినవాళ్లు కారు, మగవాళ్లూ కారు.

సినిమా ఇళ్లకు తిరిగి వస్తే, ఈ రక్తం గోల మీద నాకు నచ్చిన ఆట ఒకటుంది. 2014 మేలో వచ్చిన ‘మనం’. అక్కినేని నాగేశ్వరరావు ఆ జనవరిలో కన్నుమూశారు, అదే ఆయన చివరి సినిమా. మూడు తరాలు కలిసి నటించే సినిమా అంటే తాత ముందు, కొడుకు పక్కన, మనవడు వెనక నిలబడి వంశగీతం పాడుకుంటారని ఎవరైనా ఊహిస్తారు. దర్శకుడు విక్రమ్ కుమార్ ఆ వరసను పునర్జన్మలతో తిరగేశాడు. మనవడు నాగచైతన్య, నాగార్జునకు తండ్రి. నాగార్జున పాత జన్మలో నాగేశ్వరరావుకు తండ్రి. వంశవృక్షం వేళ్లు పైకి, కొమ్మలు కిందికి. చిన్న చదువుతోనే ఊరు వదిలి, నాటకాల్లో ఆడవేషాలు కట్టి, ‘కీలుగుర్రం’లో రాజకుమారుడై ఎగిరిన రామాపురం మనిషి తొంభై ఏళ్ల వయసులో తన కొడుక్కి కొడుకుగా నటించి ఎంచక్కా సెలవు తీసుకున్నాడు.